పాత కథలు పసిగట్టిన మన ఫోను

ఈ.ఎం. ఫార్‌స్టర్ 1909లో రాసిన 'ది మెషీన్ స్టాప్స్' కథలో వాష్తి అనే తల్లి నేలకింద గదిలో ఒంటరిగా ఉంటుంది. వేలమంది పరిచయస్తులున్నా అందరూ యంత్రం ద్వారానే. కొడుకుతో మాట్లాడేందుకు కాసేపు పిలుపులన్నీ ఆపి, మళ్లీ మీట వెయ్యగానే మూడు నిమిషాల్లో పేరుకున్నవన్నీ ఒక్కసారిగా మీదపడతాయి. నోటిఫికేషన్ల పోరును రేడియో కేంద్రాలు కూడా లేని రోజుల్లో ఊహించాడాయన.

సమాచారం సంగతిలో మాత్రం ముర్రే లీన్‌స్టర్‌ను మించినవాడు లేడు. 1946 ఫిబ్రవరిలో జనానికి చూపించిన ఎనియాక్ కంప్యూటర్ దాదాపు 18,000 వాక్యూం ట్యూబులతో ఓ హాలంతా నిండింది. మార్చిలో అచ్చయిన ఆయన కథ 'ఎ లాజిక్ నేమ్డ్ జో'లో ఇంటింటికీ తెర, మీటలు, వాటి వెనక 'ట్యాంక్' అనే ఉమ్మడి సమాచార నిల్వ. జో అనే యంత్రం అన్నిటినీ కలిపి చూసి ఎవరేమడిగినా చెప్పేస్తుంది, ఇతరుల గుట్టుతో సహా. ట్యాంక్ ఆపెయ్యమంటే, ఆ యంత్రాలు లేకుండా బతకడం ఎప్పుడో మరిచిపోయామంటారు. విడివిడిగా హాని లేని వివరాలను ముడివేస్తేనే ముప్పని పట్టుకున్న కథ ఇది.

ఐజాక్ అసిమోవ్ 1958 కథలో అందరి వివరాలూ మల్టీవాక్ అనే ఒక్క యంత్రం దగ్గరుంటాయి. అక్కడే అంచనా తప్పింది. ఇప్పుడు ముక్కలు ఎన్నో కంపెనీల దగ్గరున్నాయి. వాటిని కలిపే దారాల్లో ఒకటి అడ్వర్టైజింగ్ ఐడీ, అంటే ప్రకటనల కోసం ఫోనుకుండే గుర్తింపు సంకేతం. అందులో పేరుండదు, నిజమే. కానీ 15 లక్షలమంది 15 నెలల ఫోను కదలికలపై 2013లో వచ్చిన అధ్యయనంలో, చోటూ సమయమూ తెలిసిన 4 బిందువులతోనే 95 శాతం మందిని విడిగా గుర్తుపట్టగలిగారు. రాత్రి నెల్లూరు మాగుంట లేఅవుట్, పొద్దున పదికి వీఆర్సీ సెంటర్, ఓ ఆదివారం మధ్యాహ్నం కావలి, ఓ సాయంత్రం ఒంగోలు: ఈ నాలుగూ కలిసేది దాదాపు ఒక్కరికే.

ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో యాడ్స్ తెరిచి ఆ ఐడీని డిలీట్ చెయ్యొచ్చు. లొకేషన్ సర్వీసెస్‌లో వైఫై స్కానింగ్ కూడా ఆపాలి. వైఫై ఆపినా చుట్టుపక్కల రౌటర్లను ఫోను వెతుకుతూనే ఉంటుంది, వాటినిబట్టి చోటు తెలుస్తుంది.

ఇంత చేసినా పని చెడేది ఫోను నంబరు దగ్గర. ట్రంకురోడ్డు షాపులో బిల్లుకు చెప్పిన నంబరే యాప్‌లోనూ ఉంటుంది. ప్రకటనలకు పంపేటప్పుడు దాన్ని హ్యాష్ అనే 64 గుర్తుల సంకేతంగా మారుస్తారు. ఒకే నంబరుకు ఎక్కడైనా అదే హ్యాష్ వస్తుంది కాబట్టి రెండు జాబితాలూ ఇట్టే కలుస్తాయి. నంబరు కోసం కొనేవారిని ఒత్తిడి చెయ్యొద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023లోనే దుకాణాలకు చెప్పింది. నంబరు ఇవ్వకుండానే బిల్లు అడగండి.