‘కనీసం’ కనబడగానే గుర్తు వేసేయొద్దు: అసమీకరణాలపై అపోహలు – వాస్తవాలు

అసమీకరణాల్లో, అంటే <, >, ≤, ≥ గుర్తులతో రాసే లెక్కల్లో, సాధన దగ్గర పోయే మార్కులు తక్కువే. వాక్యం చదివి గుర్తు వేసే చోటే ఎక్కువ పోతాయి.

అపోహ: ‘కనీసం’ అంటే తక్కువ కాబట్టి < వేయాలి.

వాస్తవం: పదో తరగతి లెక్కల్లో పాసవడానికి కనీసం 35 రావాలి. 34, 35, 36 మూడూ పెట్టి చూడండి. 34 ఫెయిలు, మిగతా రెండూ పాసు. హద్దు మీదున్న 35 కూడా చెల్లింది కాబట్టి గుర్తు కింద గీత ఉండాలి. మార్కులు మ అనుకుంటే: మ ≥ 35.

అపోహ: అయితే ‘కనీసం’ ఎక్కడున్నా ≥.

వాస్తవం: ఏ మాటకు ఏ గుర్తో పట్టికగా బట్టీ పట్టినవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. ‘రవి లక్ష్మి కంటే కనీసం 5 ఏళ్లు చిన్న.’ వాళ్ల వయసులు ర, ల అనుకుందాం. ఇక్కడ ‘కనీసం’ రవి వయసుకు కాదు, ఇద్దరి మధ్య తేడాకు వర్తిస్తుంది: ల − ర ≥ 5. ఇందులోంచి ర ≤ ల − 5 వస్తుంది. లక్ష్మికి 20 ఏళ్లయితే రవికి 15 ఉండొచ్చు, 14 ఉండొచ్చు, 16 మాత్రం కుదరదు. చాలామంది −ర ≥ 5 − ల దాకా సరిగ్గానే వస్తారు. ఆ తర్వాత −1తో గుణిస్తూ గుర్తు తిప్పడం మరిచిపోతారు.

అదే వాక్యంలో ‘కనీసం’ తీసేస్తే అది అసమీకరణమే కాదు: ర = ల − 5. ‘5 ఏళ్లు’ కూడా తీసేస్తే మిగిలేది ర < ల.

అపోహ: ‘మించితే’ అంటే > కాబట్టి ‘మించకూడదు’ అంటే <.

వాస్తవం: ఆదోని పత్తి రైతుకు ఇది చెప్పక్కర్లేదు. తేమ (త) 12 శాతం మించితే సీసీఐ (పత్తి కొనే ప్రభుత్వ సంస్థ) కేంద్రంలో పత్తి తీసుకోరు. తిప్పి పంపేది త > 12 అయినప్పుడు, తీసుకునేది త ≤ 12 అయినప్పుడు. సరిగ్గా 12 ఉన్న బండి రెండో వైపుకే వస్తుంది. > కు వ్యతిరేకం ≤. 8 దాటి 12 వరకు ఉంటే ధరలో కోత పడుతుంది, దాన్ని 8 < త ≤ 12 అని రాయాలి. ఒకవైపు గీత ఉండి మరోవైపు లేకపోవడం తప్పు కాదు.

అపోహ: జవాబులో దశాంశం వస్తే దగ్గరి పూర్ణాంకానికి సవరించాలి.

వాస్తవం: కర్నూలు యార్డులో 250 బస్తాల ఉల్లి ఉంది, బండికి 40 పడతాయి. ట్రిప్పులు న అనుకుంటే 40న ≥ 250, అంటే న ≥ 6.25. సవరిస్తే 6 వస్తుంది, కానీ 6 ట్రిప్పులకు 10 బస్తాలు యార్డులోనే ఉండిపోతాయి. జవాబు 7. ఇక 500 రూపాయలతో 30 రూపాయల కిలో ప్యాకెట్లు ప కొనాలంటే 30ప ≤ 500, ప ≤ 16.67. ఇక్కడ 17 అంటే 510 కట్టాలి, కాబట్టి 16తో ఆగాలి. విడిగా తూచి ఇస్తే ఈ బాధే లేదు.

అపోహ: ‘లోపు’ అంటే ఎప్పుడూ <.

వాస్తవం: 18 ఏళ్ల లోపు అంటే 18 రాదు. 15వ తేదీలోపు ఫీజు కట్టమంటే 15న కట్టినా తీసుకుంటారు. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లు ‘15తో కలిపి’ అని రాసేస్తే సరిపోతుంది.