వైట్‌హౌస్ మనుషులు: మా డెస్కు మీద పుట్టిన అపోహలు, అసలు వాస్తవాలు

పాతికేళ్ల పైన ఓ తెలుగు దినపత్రికలో అంతర్జాతీయ పేజీ చూశాను. అందులో సగం బతుకు అమెరికా అధ్యక్షుల మీదే గడిచింది. ఎన్నికైతే ప్రొఫైలు, దిగిపోతే విశ్లేషణ, పోతే నివాళి. ఇప్పుడు డెస్కు వదిలేసి జర్నలిజం పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. వాళ్లు అడిగే ప్రశ్నల్లో చాలా అపోహలు నాకు పాత చుట్టాల్లా కనిపిస్తాయి. కొన్నింటిని మేమే అచ్చేసి ఊళ్లోకి వదిలాం మరి.

అపోహ: అభిశంసన జరిగిందంటే పదవి పోయినట్టే

1998 డిసెంబర్ 19. రాత్రి షిఫ్టు. అక్కడ మధ్యాహ్నమైతే మనకు అర్ధరాత్రి. సిటీ ఎడిషన్ పేజీ వదలడానికి పావుగంట ఉందనగా ఏజెన్సీ కాపీ దిగింది: ప్రతినిధుల సభ క్లింటన్‌ను ఇంపీచ్ చేసింది. నేను చేరి అప్పటికి రెండేళ్లు. నాలుగు కాలాల్లో ‘క్లింటన్‌కు ఉద్వాసన’ అని హెడింగు కొట్టి పంపేశాను. తెల్లారాక చూస్తే క్లింటన్ పదవిలోనే ఉన్నారు, నా హెడింగు మాత్రం గోడకెక్కింది. డెస్క్ ఇన్‌చార్జి దాన్ని కత్తిరించి నోటీసు బోర్డుకు గుచ్చారు. వారం రోజులు అక్కడే వేలాడింది.

తప్పు నాదే కానీ, మాటలో కూడా తిరకాసు ఉంది. మన రాజ్యాంగంలో రాష్ట్రపతి అభిశంసన అంటే మొదటి సభలో అభియోగం దగ్గర్నుంచి రెండో సభలో తీర్మానం నెగ్గి ఆయన దిగిపోయేదాకా అంతా ఒకటే తంతు. అమెరికాలో ఇంపీచ్‌మెంట్ అంటే ప్రతినిధుల సభ అభియోగం మోపడం వరకే. ఛార్జిషీటు పడిందన్నమాట. విచారణ, తీర్పు సెనేట్ పని. వంద మందిలో మూడింట రెండొంతులు, అంటే 67 మంది దోషి అంటేనే ఉద్వాసన. క్లింటన్ విషయంలో 1999 ఫిబ్రవరి 12న ఒక అభియోగానికి 45 ఓట్లు, ఇంకోదానికి 50 వచ్చాయి. ఆయన 2001 దాకా హాయిగా కొనసాగారు. మధ్యలో, 2000 మార్చిలో, మన హైదరాబాద్ కూడా వచ్చి వెళ్లారు.

ఇప్పటిదాకా అక్కడ అభిశంసనకు గురైన అధ్యక్షులు ముగ్గురే: 1868లో ఆండ్రూ జాన్సన్, 1998లో క్లింటన్, 2019లోనూ 2021లోనూ ట్రంప్. ఒక్కరికీ సెనేట్‌లో శిక్ష పడలేదు. మరి నిక్సన్? చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడే బోల్తా పడతారు. నిక్సన్‌ను ఎవరూ ఇంపీచ్ చేయలేదు. 1974 జులైలో న్యాయ కమిటీ మూడు అభియోగాలు ఆమోదించింది. అవి సభ ముందుకు రాకముందే, ఆగస్టు 9న, ఆయనే రాజీనామా చేసి వెళ్లిపోయారు.

అపోహ: ఎయిర్‌ఫోర్స్ వన్ అంటే ఒక విమానం పేరు

నిక్సన్ వెళ్లిపోయిన ఆ ఉదయాన్నే ఇది అబద్ధమని తేలింది. రాజీనామా మధ్యాహ్నం 12 గంటలకు అమల్లోకి వస్తుంది. ఆయన మాత్రం అంతకు ముందే వాషింగ్టన్‌లో విమానమెక్కి కాలిఫోర్నియా దారి పట్టారు. ఎక్కినప్పుడది ఎయిర్‌ఫోర్స్ వన్. మిస్సోరి రాష్ట్రం మీద ఉండగా పన్నెండు కొట్టింది. ఇక్కడ వైట్‌హౌస్‌లో ఉపాధ్యక్షుడు ఫోర్డ్ అధ్యక్షుడిగా ప్రమాణం చేస్తుంటే, అక్కడ ఆకాశంలో పైలట్ కంట్రోల్ కేంద్రానికి రేడియోలో చెప్పాడు: ఇకనుంచి మా పిలుపు సంకేతం శామ్ 27000. అదే విమానం, అవే సీట్లు, అదే మనిషి. పేరొక్కటే జారిపోయింది. అధ్యక్షుడు కూర్చున్న వైమానిక దళ విమానం ఏదైనా ఎయిర్‌ఫోర్స్ వన్నే. ఆయన దిగితే కాదు.

తరగతిలో ఈ ముక్క చెబితే వెనక బెంచీ కూడా ఫోన్ పక్కన పెడుతుంది.

అపోహ: వాళ్లు పుట్టుకతోనే గెలిచే జాతకులు

వ్యక్తిత్వ వికాసం వాళ్లు పెంచి పోషించిన అపోహ ఇది. అధ్యక్షుల ప్రొఫైళ్లు వరసగా రాసుకుంటూ పోతే గెలుపుల కంటే ఓటములే ఎక్కువ గుర్తుంటాయి. కార్టర్ 1966లో జార్జియా గవర్నర్ పదవికి పోటీపడి, పార్టీ అభ్యర్థిని తేల్చే ప్రైమరీ ఎన్నికలోనే ఓడారు. పెద్ద బుష్ సెనేట్‌కు రెండుసార్లు, 1964లో, 1970లో ఓడారు. కొడుకు బుష్ 1978లో ప్రతినిధుల సభకు ఓడారు. క్లింటన్ 1974లో ప్రతినిధుల సభకు ఓడి, గవర్నరయ్యాక 1980లో ఆ పదవీ పోగొట్టుకున్నారు. ఒబామాను 2000లో షికాగోలో బాబీ రష్ పార్టీ ప్రైమరీలోనే చిత్తు చేశారు. బైడెన్ 1988 ఎన్నికల కోసం ఒకసారి, 2008 కోసం ఇంకోసారి బరిలోకి దిగి తప్పుకొన్నారు. నిక్సన్ 1960లో కెనెడీ చేతిలో, రెండేళ్లకు సొంత రాష్ట్రంలో గవర్నర్ పదవికి ఓడిపోయి, ఇదే నా చివరి ప్రెస్‌మీట్ అని విలేకరుల మీద అక్కసు వెళ్లగక్కారు. ఆరేళ్ల తర్వాత అధ్యక్షుడయ్యారు.

వీళ్లందరిలో నాకు మహా ఇష్టమైనది లిండన్ జాన్సన్ కథ. ఇష్టమంటే మెచ్చుకోలు కాదు, మన ఊరి కథలా ఉంటుందని. 1941లో టెక్సస్ నుంచి సెనేట్‌కు నిలబడితే లెక్కింపు చివర్లో తారుమారై 1,311 ఓట్లతో ఓడారు. ఆ పాఠం ఒంటబట్టింది. 1948లో డెమోక్రటిక్ ప్రైమరీ రెండో విడతలో ప్రత్యర్థి కోక్ స్టీవెన్సన్. పోలైనవి దాదాపు 10 లక్షలు. పోలింగ్ అయిన ఆరు రోజులకు ఆలిస్ అనే చిన్న ఊళ్లో 13వ నంబరు పెట్టె నుంచి కొత్తగా 202 ఓట్లు తేలాయి. అందులో 200 జాన్సన్‌వి, 2 స్టీవెన్సన్‌వి. ఓటర్ల జాబితా చివర చేరిన ఆ పేర్లన్నీ ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో, అక్షరక్రమంలో ఉన్నాయి. ఊరి జనం అక్షరక్రమంలో క్యూ కట్టి వచ్చి ఓటేశారన్నమాట! చివరికి జాన్సన్ గెలుపు తేడా 87 ఓట్లు. ‘లాండ్‌స్లైడ్ లిండన్’, అంటే బంపర్ మెజారిటీ లిండన్ అని ఆయన్ను జీవితాంతం ఎగతాళి చేశారు. పోలింగ్ బూత్‌లు, రిగ్గింగులు, రీపోలింగులు చూసి పెరిగిన తెలుగువాడికి ఈ కథ వేరే విప్పి చెప్పక్కర్లేదు.

అయితే ఆ 87 ఓట్లతో సెనేట్‌లో అడుగుపెట్టిన మనిషే 1955కల్లా మెజారిటీ నాయకుడయ్యారు, తర్వాత అధ్యక్షుడై 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటుహక్కు చట్టం తెచ్చారు. దొంగ ఓట్ల మచ్చ ఉన్నవాడే నల్లజాతివాళ్ల ఓటుకు కాపలా పెట్టాడు. ఒక్క ముక్కలో ప్రొఫైల్ రాయమని అడిగేవాళ్లకు ఈయన్ను చూపిస్తాను.

అపోహ: 47 మంది అధ్యక్షులు

45 మందే. గ్రోవర్ క్లీవ్‌లాండ్ 22, 24. ట్రంప్ 45, 47. మధ్యలో విరామం వస్తే ఒకే మనిషికి రెండు నంబర్లు ఇస్తారు.

అపోహ: లింకన్, కెనెడీల వింత పోలికలన్నీ నిజాలు

ఏటా కెనెడీ హత్య జరిగిన నవంబర్ 22 దగ్గర పడితే ఈ ఫార్వర్డ్ వాట్సాప్‌లో దిగుతుంది. వాట్సాప్ లేని రోజుల్లో కార్డుముక్కల మీద రాసి మాకు పోస్టు చేసేవారు, వేయలేదేమని మళ్లీ నిలదీసేవారు. అందులో కొన్ని నిజమే. ఇద్దరూ సరిగ్గా వందేళ్ల తేడాతో, 1846లో ఒకరు, 1946లో ఒకరు, కాంగ్రెస్‌కు ఎన్నికయ్యారు. 1860, 1960 ఎన్నికల్లో అధ్యక్షులయ్యారు. తర్వాత వచ్చిన ఇద్దరూ జాన్సన్లే. కెనెడీ కార్యదర్శి పేరు ఎవలిన్ లింకన్, అదీ నిజమే. కానీ లింకన్‌కు కెనెడీ అనే కార్యదర్శి ఉన్నాడన్నది కట్టుకథ. ఆయన కార్యదర్శులు జాన్ నికోలే, జాన్ హే. లింకన్‌ను చంపిన బూత్, కెనెడీని చంపిన ఆస్వాల్డ్ గురించి ‘బూత్ థియేటర్లో కాల్చి గోదాములో దొరికాడు, ఆస్వాల్డ్ గోదాములో కాల్చి థియేటర్లో దొరికాడు’ అన్న వాక్యం చదవడానికి భలే ఉంటుంది. బూత్ దొరికింది వర్జీనియాలో ఒక రైతు పొగాకు కొట్టంలో. ప్రాస కోసం కొట్టాన్ని గోదాము చేశారు.

కెనెడీ మీద ఇంకొకటి. 1963 జూన్‌లో బెర్లిన్‌లో ‘నేనూ బెర్లిన్‌వాణ్నే’ అనబోయి జర్మన్‌లో ‘నేను జామ్ బన్నుని’ అనేశారని, జనం నవ్వారని చెబుతారు. ఆయన వాక్యం వ్యాకరణపరంగా సరైనదే. ఆ తినుబండారాన్ని బెర్లిన్‌లో బెర్లినర్ అనరు కూడా, వాళ్లు దానికి వేరే పేరు వాడతారు. నేనూ ఒకసారి దీన్ని బాక్స్ ఐటమ్‌గా వేశాను. ఎవరూ ఉత్తరం రాయలేదు, అదే బాధ.

అపోహ: వైట్‌హౌస్‌లో తిండీ తిప్పలూ ఉచితం

ప్రభుత్వ విందులు ప్రభుత్వ ఖర్చే. కుటుంబం సొంతంగా తినే కూరానారా, టూత్‌పేస్టు, డ్రైక్లీనింగ్ వగైరాలకు మాత్రం నెలనెలా బిల్లొస్తుంది. 2001 నుంచి అధ్యక్షుడి జీతం ఏడాదికి 4 లక్షల డాలర్లు. అందులోంచి కట్టుకోవాలి. వైట్‌హౌస్‌కు వచ్చిన కొత్తలో ఆ బిల్లు చూసి నాన్సీ రీగన్ బిత్తరపోయారు.

అపోహ: ట్రూమన్ పేదవాడిగా ఇంటికెళ్లాడు

ఇది నేను నమ్మి, మురిసిపోయి, కనీసం మూడుసార్లు రాసినది. డిగ్రీ లేని మనిషి, కాన్సాస్ సిటీలో బట్టల కొట్టు పెట్టి దివాళా అంచుకెళ్లిన మనిషి, ఉపాధ్యక్షుడై 82 రోజులకే రూజ్‌వెల్ట్ మరణంతో అధ్యక్షుడైన మనిషి. 1953లో పదవి దిగాక భార్యను పక్కన కూర్చోబెట్టుకుని తానే కారు నడుపుకుంటూ మిస్సోరి నుంచి న్యూయార్క్ దాకా వెళ్లొచ్చారు. ఆయన కష్టాలు చూసే 1958లో మాజీ అధ్యక్షులకు ఏడాదికి 25,000 డాలర్ల పింఛను చట్టం చేశారని చెప్పుకుంటాం. చట్టం నిజమే, కారు ప్రయాణమూ నిజమే. పేదరికం మాత్రం నిజం కాదు. 2021లో పాల్ కాంపోస్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు ట్రూమన్ భార్య బెస్ కాగితాలు తిరగేస్తే, 1953 నాటికి తన ఆస్తి సుమారు ఆరున్నర లక్షల డాలర్లని ట్రూమనే రాసిపెట్టుకున్న లెక్క బయటపడింది. ఆ రోజుల్లో అది పెద్ద సొమ్ము. పైగా జ్ఞాపకాల పుస్తకం హక్కుల కింద వచ్చిన లక్షలు వేరే. నిరాడంబరంగా బతకడం, బీదవాడై ఉండటం ఒకటి కాదన్నది నా బుర్రకు తట్టలేదు.

అపోహ: నటుడు, కౌబాయ్, తూలిపడే పెద్దమనిషి, పల్లీల రైతు

ఇవన్నీ ఒకే రకం జబ్బు కాబట్టి ఒక గంపకెత్తాను. హెడింగులో చోటుండదు, మనిషికో ముద్దుపేరు తగిలించేస్తాం, అది ఊడిరాదు.

రీగన్ అనగానే మనవాళ్లకు ఎన్టీఆర్ గుర్తొస్తారు. పోలిక సగమే అతుకుతుంది. ఎన్టీఆర్ 1982 మార్చిలో పార్టీ పెట్టి 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు, తొమ్మిది నెలల సుడిగాలి. రీగన్ ఆఖరి సినిమా 1964లో, వైట్‌హౌస్ ఎక్కింది 1981లో. మధ్యలో కాలిఫోర్నియా గవర్నరుగా ఎనిమిదేళ్లు, పార్టీ టికెట్ కోసం ఓడిన ప్రయత్నాలు ఉన్నాయి. అంతకు ముందే నటుల సంఘానికి ఏళ్ల తరబడి అధ్యక్షుడు. 1960లో స్టూడియోల మీద సమ్మె నడిపించింది ఆయనే. కార్మిక సంఘం నాయకుడు రీగన్ అని ఏ హెడింగులోనూ చూసి ఉండరు.

చిన్న బుష్‌ను టెక్సస్ కౌబాయ్ అంటాం. పుట్టింది కనెక్టికట్‌లో, చదివింది యేల్, హార్వర్డ్. క్రాఫర్డ్‌లోని ఆ ర్యాంచ్ కొన్నది 1999లో, అధ్యక్ష పోటీకి దిగిన ఏడాదే. 2006 మార్చిలో ఆయన రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి వచ్చినప్పుడు మా పేజీలోనూ కౌబాయ్ అనే పడింది. హైదరాబాద్‌కు అమెరికా కాన్సులేట్ వస్తుందన్న కబురు ఆ పర్యటనదే. మన కుర్రాళ్ల వీసా క్యూల చెన్నై ప్రయాణాలు తప్పించిన కబురు లోపల పేరాలో పడింది.

ఫోర్డ్ 1975లో సాల్జ్‌బర్గ్‌లో విమానం మెట్ల మీద జారారు. అంతే, టీవీ హాస్యగాళ్లకు ఏళ్ల పాటు మేత. నిజానికి అమెరికా అధ్యక్షుల్లో ఆయనంతటి ఆటగాడు అరుదు. మిషిగన్ విశ్వవిద్యాలయం 1932, 1933లో జాతీయ ఛాంపియన్‌గా నిలిచిన అమెరికన్ ఫుట్‌బాల్ జట్లలో ఉన్నాడు. రెండు ప్రొఫెషనల్ జట్లు పిలిస్తే కాదని న్యాయశాస్త్రం చదవడానికి వెళ్లాడు.

ఇక కార్టర్. పల్లీల రైతు అనగానే మన అనంతపురం రైతును ఊహించుకుని మనసు కరుగుతుంది. ఆయన నావికాదళ అకాడమీలో 1946లో పట్టా పుచ్చుకుని, అణు జలాంతర్గాముల విభాగంలో రికోవర్ అనే కఠినుడి కింద పనిచేసిన అధికారి. 1952లో కెనడాలోని చాక్ రివర్‌లో రియాక్టర్ దెబ్బతింటే విడగొట్టడానికి వెళ్లిన బృందాల్లో ఒకదానికి నాయకుడు. పక్కనే టెన్నిస్ కోర్టులో రియాక్టర్ నమూనా కట్టుకుని, ఏ బోల్టు ఎవరు విప్పాలో సాధన చేశారు. తర్వాత ఒక్కొక్కరు లోపలికి దిగి ఒకటిన్నర నిమిషంలో తమ వంతు బోల్టులు విప్పేసి పైకి పరుగు. అంతకు మించి ఉంటే రేడియేషన్ పరిమితి దాటిపోతుంది. మరుసటి ఏడాది తండ్రి పోవడంతో ఉద్యోగం వదిలి సొంతూరు ప్లెయిన్స్‌కు తిరిగొచ్చి, కొన్నాళ్లు ప్రభుత్వ గృహసముదాయంలో అద్దెకుండి, పల్లీ విత్తనాల గోదాము నిలబెట్టారు. అసలు పల్లీల కథ అక్కడ మొదలవుతుంది.

2015లో ఆయనకు క్యాన్సర్ అని తెలిసినప్పుడే నివాళి వ్యాసం రాసి సిద్ధంగా పెట్టాం. ప్రతి డెస్కులోనూ ఇలాంటి ఫైళ్లు ఉంటాయి. ఆయన కోలుకున్నారు, ఫైలు పాతబడింది, ఏడాదికోసారి దుమ్ము దులిపి వయసు మార్చేవాణ్ని. నేను డెస్కు వదిలేటప్పుడు పైన ఎర్రక్షరాల్లో రాసి పెట్టాను: ‘హెడింగులో పల్లీలు వద్దు, రియాక్టర్ సంగతి మొదటి పేరాలోకి తేవాలి.’

2024 డిసెంబర్ 30 తెల్లవారుజామున ఫోన్ మోగింది. పాత జూనియర్.

“సార్, కార్టర్ పోయారు. మీ ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉంది సార్?”

చెప్పాను. సిటీ ఎడిషన్ అప్పటికే వెళ్లిపోయింది కాబట్టి ముందు వెబ్‌సైట్‌లో వేశారు. పడుకోబోయేముందు తెరిచి చూశాను. రియాక్టర్ తొమ్మిదో పేరాలో ఉంది. హెడింగు: ‘నూరేళ్ల పల్లీ రైతు ఇకలేరు’.