అమెరికాలో రాజకీయ హింస వెనక కథ: ఆ 43 ఓట్లు

2025 సెప్టెంబర్ 10న యూటా వ్యాలీ యూనివర్సిటీలో ట్రంప్ మద్దతుదారైన రైట్‌వింగ్ కార్యకర్త చార్లీ కర్క్‌ని కాల్చి చంపిన రాత్రే, నిందితుడు ఇంకా దొరక్కముందే, ట్రంప్ వైట్ హౌస్ నుంచి వీడియోలో మాట్లాడుతూ తప్పంతా రాడికల్ లెఫ్ట్‌దే అనేశాడు, పైగా ఒక లిస్ట్ కూడా చదివాడు. అందులో పెన్సిల్వేనియాలోని బట్లర్‌లో తన మీద జరిగిన కాల్పులున్నాయి, 2017లో రిపబ్లికన్ కాంగ్రెస్ సభ్యుడు స్టీవ్ స్కలీస్ మీద జరిగిన కాల్పులున్నాయి. మూడు నెలల ముందు మిన్నెసోటాలో ఇంటికొచ్చి మరీ చంపేసిన మెలిసా హార్ట్‌మన్ పేరు మాత్రం లేదు. ఆమె ఆ రాష్ట్ర అసెంబ్లీ సభ్యురాలు, డెమోక్రాట్. అప్పటినుంచి అక్కడ ఎక్కడ ఏం జరిగినా ఈ లిస్టుల గొడవే, మీవాళ్ళు ఎంతమందిని కాల్చారు, మావాళ్ళు ఎంతమందిని కాల్చారు అని లెక్కలు తీసుకుని కొట్టుకోవడమే. 2026 నవంబర్ మిడ్‌టర్మ్ ఎన్నికల పేరు చెప్పి అదే మళ్ళీ రాజుకుంది.

లింకన్, కెన్నెడీ, కింగ్ హత్యల దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పే ఓపిక నాకు లేదు, అవి అందరికీ తెలిసినవే. 2021 జనవరి 6న, ట్రంప్ ఓటమిని ఒప్పుకోని జనం క్యాపిటల్ భవనంలోకి, అంటే అమెరికా పార్లమెంటులోకి, ఎలా దూరారో, ఆ కిటికీలు పగలగొట్టడం, పోలీసుల్ని కొట్టడం అన్నీ వీడియోల్లో చూసినవే. నాకైతే అసలు మలుపు ఆ రోజు కాదనిపిస్తుంది, ఆ తర్వాత అయిదున్నర వారాల్లో జరిగింది, అది కూడా చాలా నిశ్శబ్దంగా, కోట్లు టైలు వేసుకున్నవాళ్ళ చేతుల మీదుగా.

ఆ రాత్రే మొదలైంది. గుంపుని బయటికి పంపాక సభ మళ్ళీ కూర్చుంది, గాజుముక్కలు ఊడుస్తుండగానే ఓటింగ్ పెట్టారు, బైడెన్ గెలుపుని ఒప్పుకోం అంటూ రెండు సభల్లో కలిపి 147 మంది రిపబ్లికన్లు కనీసం ఒక రాష్ట్రం ఫలితానికైనా వ్యతిరేకంగా ఓటేశారు. ఇది నమ్మకంతో వేసిన ఓటా, రాజకీయ లెక్కతో వేసిన ఓటా అని అందరూ వాదించుకున్నారు గానీ మిషిగన్ నుంచి అప్పుడే కొత్తగా గెలిచి వచ్చిన పీటర్ మైయర్ అనే రిపబ్లికన్ వేరే మాట చెప్పాడు. తన తోటి సభ్యుడొకడు ఫలితం సరైనదే అని తెలిసి కూడా వ్యతిరేకంగా ఓటేశాడట, ఎందుకంటే ఇంట్లోవాళ్ళకి ఏమన్నా చేస్తారేమో అని భయం. చూడండి, గుంపుని బయటికైతే పంపారు గానీ గుంపు భయం మాత్రం ఓటింగ్ దాకా వచ్చి కూర్చుంది.

వారం తిరక్కుండా జనవరి 13న హౌస్ (దిగువ సభ) ట్రంప్‌ని రెండోసారి ఇంపీచ్ చేసింది, అంటే నేరారోపణ చేసి విచారణకి సెనేట్‌కి (ఎగువ సభకి) పంపింది, 232 - 197, అనుకూలంగా వేసినవాళ్ళలో 10 మంది రిపబ్లికన్లు. అదే రోజు వాళ్ళ నాయకుడు కెవిన్ మెకార్తీ సభలో నిలబడి ఈ దాడికి ట్రంప్ బాధ్యత ఉందని చెప్పాడు. పదిహేను రోజుల తర్వాత, జనవరి 28న, అదే మెకార్తీ ఫ్లోరిడా వెళ్ళి మార్-ఎ-లాగోలో ట్రంప్ పక్కన నవ్వుతూ ఫోటో దిగాడు. అంతే, పార్టీలో కిందిస్థాయి వాళ్ళందరికీ గాలి ఎటు వీస్తోందో ఆ ఒక్క ఫోటోతో అర్థమైపోయింది.

ఇక సెనేట్. అక్కడ విచారణ ట్రంప్ దిగిపోయాకే మొదలైంది, ఎందుకంటే అప్పటికి మెజారిటీ లీడర్‌గా ఉన్న మిచ్ మెకానెల్ సభని ముందుగా పిలవడానికి ఒప్పుకోలేదు. ఫిబ్రవరి 13న ఓటింగ్ జరిగింది, దోషి అని 57, కాదని 43. శిక్షించడానికి కావాల్సింది మూడింట రెండొంతులు, అంటే 67. మెకానెల్ కాదనే వేశాడు, వేసిన కాసేపటికే లేచి, ఆ రోజు జరిగినదానికి ట్రంప్‌దే ఆచరణలోనూ నైతికంగానూ బాధ్యత, అందులో అనుమానమే లేదు అన్నాడు, కాకపోతే మాజీ ప్రెసిడెంట్‌ని ఇంపీచ్‌మెంట్‌లో శిక్షించే అధికారం సెనేట్‌కి లేదట, కోర్టులున్నాయి కదా చూసుకుంటాయట. మాజీ అయ్యేదాకా ఆపింది ఎవరండీ అని అడిగితే మాత్రం జవాబు లేదు.

ఆ 43 ఓట్లలో చట్టం గురించిన నిజమైన అభ్యంతరాలు ఎన్ని, పదవి కోసం ఎన్ని, భయంతో ఎన్ని అన్నది విడదీసి చెప్పడం కష్టం. కానీ రిపబ్లికన్ సెనెటర్ మిట్ రామ్నీ 2023లో ఒక సంగతి బయటపెట్టాడు. రిపబ్లికన్ నాయకుల మీటింగ్‌లో ఒక సెనెటర్ నేను దోషి అనే వేద్దామనుకుంటున్నా అన్నాడట, పక్కవాళ్ళు వెంటనే వద్దొద్దు, నీ ప్రాణం సంగతి ఆలోచించు, పిల్లల సంగతి ఆలోచించు అన్నారట, ఆయన మనసు మార్చుకున్నాడట. రామ్నీ మాత్రం దోషి అనే వేశాడు, తర్వాత కుటుంబం సెక్యూరిటీ కోసం రోజుకి 5,000 డాలర్లు సొంత డబ్బు పెట్టుకున్నాడు. ఆయనంటే కోటీశ్వరుడు కాబట్టి సరిపోయింది, మిగతావాళ్ళు ఎక్కడ్నుంచి తెస్తారు?

నేను దీన్నే మలుపు అంటున్నది ఇందుకు. అంతకుముందు కూడా బెదిరింపులు లేకపోలేదు, 2020 ఏప్రిల్ 30న మిషిగన్ అసెంబ్లీ భవనంలో తుపాకులు పట్టుకున్నవాళ్ళు గ్యాలరీలో నిలబడితే కొందరు సభ్యులు బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లు వేసుకుని కూర్చున్నారు. అదే ఏడాది డిసెంబర్ 1న జార్జియా ఎన్నికల అధికారి గేబ్రియల్ స్టెర్లింగ్, ఆయన కూడా రిపబ్లికనే, ప్రెస్ మీట్‌లో కోపంతో ఊగిపోతూ ట్రంప్ పేరు పెట్టి మరీ చెప్పాడు, ఇది ఆపకపోతే ఎవరికో దెబ్బ తగులుతుంది, ఎవర్నో కాలుస్తారు, ఎవరో చచ్చిపోతారు అని. ఆయనకి కోపం తెప్పించిన విషయం ఏంటంటే ఓటింగ్ మెషిన్ల దగ్గర పనిచేసే ఒక చిన్న కాంట్రాక్ట్ కుర్రాడికి ఉరితాడు బెదిరింపు వచ్చింది. అయిదు వారాల తర్వాత క్యాపిటల్ బయట నిజంగానే ఉరికొయ్య నిలబెట్టారు. తేడా ఏంటంటే, 2021 ఫిబ్రవరిలో సెనేట్ ఓటింగ్ దాకా బెదిరించడం అనేది పనిచేస్తుందని ఎవరూ నిరూపించలేదు.

తర్వాతి ఏడాదంతా ఎవరికి శిక్ష పడిందో చూస్తే చాలు. ఇంపీచ్‌మెంట్‌కి ఓటేసిన 10 మందిలో ఒకరైన లిజ్ చేనీని 2021 మే 12న హౌస్ రిపబ్లికన్ల నాయకత్వం నుంచి తీసేశారు. మే 28న జనవరి 6 దాడి మీద రెండు పార్టీలు కలిసి విచారణ కమిషన్ వేద్దామన్న బిల్లుని సెనేట్‌లో ఆపేశారు. 2022 ఫిబ్రవరి 4న రిపబ్లికన్ నేషనల్ కమిటీ చేనీని, ఆ 10 మందిలోనే ఇంకొకడైన కింజింగర్‌ని అభిశంసిస్తూ చేసిన తీర్మానంలో వాళ్ళు న్యాయమైన రాజకీయ చర్చలో పాల్గొన్న సామాన్యుల్ని వేధిస్తున్నారని రాసింది. ఇంపీచ్‌మెంట్‌కి ఓటేసిన ఆ 10 మందిలో నలుగురు మళ్ళీ పోటీ చేయలేదు, నలుగురు ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో) ఓడిపోయారు, ఇద్దరే మిగిలారు.

ఇక్కడ డెమోక్రాట్లని కూడా ఒక మాట అనాలి. పైన చెప్పిన పీటర్ మైయర్ 2022లో ప్రైమరీలో ఓడిపోయాడు కదా, ఆయన మీద నిలబడిన ట్రంప్ మనిషిని టీవీ యాడ్స్‌తో పైకి లేపింది డెమోక్రాట్ల ఎన్నికల కమిటీనే, 4 లక్షల డాలర్లకి పైగా ఖర్చుపెట్టి. అతనైతే నవంబర్‌లో ఈజీగా ఓడించొచ్చని లెక్క, లెక్క తప్పలేదు, ఓడించారు. ప్రజాస్వామ్యం ప్రమాదంలో ఉందని పొద్దున్నా సాయంత్రం చెప్పే పార్టీ, ధైర్యం చేసిన మనిషిని అలా బలిపెట్టింది.

రిపబ్లికన్ల వైపు వాదన వేరే. 2020 మే 28న జార్జ్ ఫ్లాయిడ్ మరణం మీద గొడవల్లో మినియాపోలిస్‌లో పోలీస్ స్టేషన్ తగలబెట్టినప్పుడు ఎక్కడున్నారు అంటారు, అరెస్టయినవాళ్ళ బెయిల్ ఫండ్‌కి డబ్బులివ్వమని కమలా హారిస్ ట్వీట్ చేసింది కదా అంటారు, స్కలీస్ మీద కాల్పులు, 2022లో సుప్రీంకోర్టు జడ్జి కావనా ఇంటిదాకా తుపాకీతో వచ్చినవాడు, బట్లర్‌లో ట్రంప్ చెవికి తగిలిన బుల్లెట్, ఆఖరికి కర్క్. ఇవన్నీ నిజాలే, కొట్టిపారేయాల్సినవి కావు. కానీ స్కలీస్‌ని కాల్చినవాడు బెర్నీ శాండర్స్ ప్రచారంలో పనిచేశాడని తెలిసిన రోజే శాండర్స్ సెనేట్‌లో నిలబడి ఖండించాడు, ఆ పని చేసినవాళ్ళకి ఏ ప్రెసిడెంటూ క్షమాభిక్ష పెట్టలేదు.

జనవరి 6 వాళ్ళకి పెట్టారు. 2025 జనవరి 12న, ట్రంప్‌తో పాటు వైస్ ప్రెసిడెంట్‌గా గెలిచిన వాన్స్ టీవీలో హింస చేసినవాళ్ళకి క్షమాభిక్ష ఉండకూడదు, అది తెలిసిందే కదా అన్నాడు, ఎనిమిది రోజులకి ట్రంప్ సంతకం పెడితే దాదాపు 1,500 మంది బయటికొచ్చారు లేదా కేసుల్లోంచి బయటపడ్డారు, పోలీసుల్ని కొట్టి శిక్షపడ్డవాళ్ళతో సహా, ఇంకో 14 మందికి శిక్ష తగ్గించారు. 22 ఏళ్ళ శిక్ష పడ్డ ఎన్‌రికే టారియో, ప్రౌడ్ బాయ్స్ అనే తీవ్ర రైట్‌వింగ్ గుంపు నాయకుడు, కూడా ఇంటికెళ్ళిపోయాడు. ఇలాంటిది ఆ దేశానికి పూర్తిగా కొత్త కూడా కాదు, 1856లో ప్రెస్టన్ బ్రూక్స్ అనే సభ్యుడు సెనేట్ హాల్లోనే సెనెటర్ చార్లెస్ సమ్నర్‌ని చేతికర్రతో చావబాదితే కోర్టు 300 డాలర్ల జరిమానా వేసింది, నియోజకవర్గం మళ్ళీ గెలిపించింది, అభిమానులు కొత్త కర్రలు పంపించారు. అయిదేళ్ళ తర్వాత వచ్చింది సివిల్ వార్, ఆ రెండిటికీ ముడిపెట్టి భయపెట్టడం నా ఉద్దేశం కాదు గానీ కర్రలు పంపినవాళ్ళ సంగతి గుర్తుంచుకోవాల్సిందే.

బెదిరింపుల లెక్క చూస్తే, క్యాపిటల్ పోలీసులు పరిశీలించినవి 2017లో 3,939, 2021లో 9,625, 2024లో 9,474. ఇవి కాంగ్రెస్ వాళ్ళ చుట్టూ ఉన్నవి మాత్రమే, రాష్ట్రాల్లో అసెంబ్లీ సభ్యులకి ఆ కాపలా కూడా ఉండదు. 2025 జూన్ 14 తెల్లవారుజామున మిన్నెసోటాలో పోలీసు డ్రెస్సు, ముఖానికి మాస్కు వేసుకుని, లైట్లు వెలిగే బండిలో వచ్చినవాడు ముందు రాష్ట్ర సెనెటర్ జాన్ హాఫ్‌మన్‌ని, ఆయన భార్యని కాల్చాడు, తర్వాత హార్ట్‌మన్‌ని, ఆమె భర్తని చంపాడు. హాఫ్‌మన్ దంపతులు బతికారు. మర్నాడే, ఇంకా మనిషి దొరకముందే, యూటా రిపబ్లికన్ సెనెటర్ మైక్ లీ మార్క్సిస్టుల పని ఇలాగే ఉంటుందన్నట్టు వెటకారం పోస్టులు పెట్టాడు, తర్వాత తీసేశాడు. రెండు నెలల ముందు, ఏప్రిల్‌లో, అలాస్కా సెనెటర్ లీసా మర్కౌస్కీ జనం ముందే ఒప్పుకుంది, మేమందరం భయపడుతున్నాం అని. 2021లో దోషి అని ఓటేసిన ఏడుగురు రిపబ్లికన్లలో ఆమె ఒకరు, 2025 మొదలయ్యేసరికి సెనేట్‌లో మిగిలింది ముగ్గురే.

అయితే బెదిరిస్తే ప్రతిసారీ పని జరిగిపోతుందనుకోవడం కూడా తప్పే. 2025 చివర్లో ఇండియానాలో రిపబ్లికన్లకి ఎక్కువ సీట్లు వచ్చేలా నియోజకవర్గాల మ్యాప్ మార్చమని ట్రంప్ ఒత్తిడి పెట్టాడు, వెంటనే ఒప్పుకోని రిపబ్లికన్ రాష్ట్ర సెనెటర్ల పేర్లు పోస్టుల్లో పెట్టి తిట్టాడు. అలా పేరొచ్చిన కొన్ని గంటలకే గ్రెగ్ గూడ్ అనే సెనెటర్ ఇంటికి పోలీసులు పరిగెత్తుకొచ్చారు, ఆ ఇంట్లో ఎవరికో హాని జరిగిందని ఎవడో దొంగ మెసేజ్ పంపాడు. ఇంకా చాలామందికి ఇలాంటివే. డిసెంబర్ 11న ఓటింగ్ పెడితే 31 - 19తో మ్యాప్ ఓడిపోయింది, 40 మంది రిపబ్లికన్లలో 21 మంది వ్యతిరేకించారు, గూడ్ కూడా. వాళ్ళలో కొందరి సీట్లకి ఎన్నికలు 2026లోనే, వాళ్ళ మీద పోటీకి దిగేవాళ్ళకి తన సపోర్ట్ ఉంటుందని ట్రంప్ ముందే చెప్పేశాడు.