ఆయిల్ పామ్ గెల ధర ఢిల్లీలో ఎందుకు మారుతుంది?

2024 సెప్టెంబరు మొదట్లో తెలంగాణలో టన్ను ఆయిల్ పామ్ గెలల ధర 14 వేల చిల్లర ఉండేది. కొద్ది రోజుల్లోనే 17 వేలు దాటింది. తోటలో మారిందేమీ లేదు. సెప్టెంబరు 14 నుంచి కేంద్రం ముడి పామాయిల్ మీద దిగుమతి సుంకాన్ని సెస్సులతో కలిపి 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచింది. అశ్వారావుపేట, దమ్మపేట రైతులు ఊపిరి పీల్చుకున్నారు. దసరా ముందు నూనె ప్యాకెట్ కొన్నవాళ్లు మాత్రం ధర చూసి ఉలిక్కిపడ్డారు. ఎనిమిది నెలలు తిరగ్గానే, 2025 మే చివర్లో, ఆ సుంకం 16.5 శాతానికి దిగిపోయింది.

ఒక నోటిఫికేషన్ దెబ్బ నేరుగా గెల మీద పడటానికి కారణం ధర కట్టే పద్ధతి. గెలలో ఎంత శాతం నూనె వస్తుందో (రైతులు ఓఈఆర్ అనేది దీన్నే) లెక్కగట్టి, ఆ నెల ముడి పామాయిల్ ధరలో రైతు వాటా తేలుస్తారు. ఇక్కడి ముడి నూనె ధరేమో ఇండోనేషియా, మలేషియాల నుంచి ఓడ దిగే నూనె ధరకు సుంకం కలిపితే ఎంతవుతుందో దాన్ని బట్టి నడుస్తుంది. వరి, మిర్చి అయితే నాలుగు రోజులు దాచుకోవచ్చు. గెల కోసిన 24 గంటల్లో మిల్లుకు చేరకపోతే నూనె నాణ్యత పడిపోతుంది. అందుకే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1993లో ప్రత్యేక చట్టం చేసి, ఏ మండలాల గెలలు ఏ ఫ్యాక్టరీకి వెళ్లాలో నిర్ణయించారు. రైతుకు భరోసా దొరికింది కానీ బేరమాడే దారి మూసుకుపోయింది.

ఈ కథ 1986లో మొదలైందనుకోవచ్చు. వంటనూనెల దిగుమతి బిల్లు భారమై, ఆ ఏడాది కేంద్రం నూనెగింజల టెక్నాలజీ మిషన్ పెట్టింది. అప్పట్లో దిగుమతి ప్రభుత్వ సంస్థల ద్వారానే జరిగేది. 1990ల తొలినాళ్లకు దేశం తన నూనె తాను దాదాపుగా పండించుకునే స్థితికి వచ్చింది. పశ్చిమ గోదావరి, ఖమ్మం జిల్లాల్లో ఆయిల్ పామ్ తోటలు విస్తరించడం మొదలైందీ ఆ కాలంలోనే.

తలుపులు తెరుచుకున్నదీ అప్పుడే. 1994లో 65 శాతం సుంకంతో పామోలిన్‌ను ఎవరైనా దిగుమతి చేసుకోవచ్చన్నారు. మరుసటి ఏడాది అది 30 శాతమైంది, 1996లో 20, 1998లో 15. నాలుగేళ్లలో ఇంత జారుడు! ప్రపంచ వాణిజ్య సంస్థ బలవంతం పెట్టిందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. పామాయిల్ మీద 300 శాతం వరకు సుంకం వేసుకునే వీలు ఆ ఒప్పందంలోనే ఉంది. సోయా నూనెకు మాత్రం 45 శాతమే హద్దు. తగ్గించిందీ, పెంచిందీ మన ప్రభుత్వాలే.

2005లో ముడి పామాయిల్ మీద సుంకం 80 శాతం. 2008 ఏప్రిల్‌లో ప్రపంచ ధరలు మండిపోతుంటే సున్నా చేశారు. ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేం, సామాన్యుడి వంటిల్లు అప్పుడు నిజంగానే కష్టంలో ఉంది. తప్పు ఆ తర్వాత జరిగింది. అదే ఏడాది చివరికి పామాయిల్ ధర సగానికి పైగా కూలినా, సున్నా సుంకం దాదాపు ఐదేళ్లు, 2013 జనవరి దాకా అలాగే ఉండిపోయింది. 2018 మార్చిలో సుంకం 44 శాతానికి చేరింది. ఉక్రెయిన్ యుద్ధానికి కాస్త ముందు, 2022 ఫిబ్రవరిలో మళ్లీ 5.5 శాతానికి వచ్చింది. ఆ ఏడాది ఇండోనేషియా ఎగుమతులు ఆపేసినప్పుడు టన్ను గెల 20 వేలు దాటింది. మరుసటి ఏడాదికి 13 వేల దగ్గర తిరిగింది. ఆయిల్ పామ్ మొక్క కాపుకు రావడానికి నాలుగేళ్లు పడుతుంది, పాతికేళ్లకు పైగా కాస్తుంది. ఈ ఊగిసలాటలో ఏ లెక్క చూసుకుని మొక్క నాటాలి?

సుంకం ఒక్కటే పెంచితే సరిపోతుందా అంటే, నా జవాబు కాదనే. దేశంలో తయారయ్యే పామాయిల్ ఏడాదికి నాలుగు లక్షల టన్నుల లోపే, అందులో దాదాపు 98 శాతం మన రెండు రాష్ట్రాలదే. బయటి నుంచి వచ్చేది 75 లక్షల టన్నులకు పైనే. సుంకం వల్ల కిలోకు పది రూపాయలు పెరిగితే, వాడేవాళ్లు ఆ పది మొత్తం నూనె మీదా కడతారు. వాళ్లు అదనంగా కట్టిన ప్రతి 100 రూపాయల్లో ఇక్కడి రైతు, మిల్లు కలిసి పొందేది నాలుగైదు రూపాయలు. మిగతా చాలా భాగం ఖజానాకు పోతుంది. బజ్జీల బండి ఆమె నూనె తగ్గించి, వాయి తగ్గించుకుంటే పోయిన ఆదాయం మాత్రం ఎవరి ఖాతాలోనూ జమ కాదు. ఆర్థికవేత్తలు నికర నష్టం అనేది దాన్నే. పామాయిల్ ధర పెరిగితే వేరుశనగ, పొద్దుతిరుగుడు రైతుకూ కొంత ఊతం దొరుకుతుందన్న మాట నిజమే, కానీ ఆ ఊతాన్ని మోసేదీ కొనేవాళ్లే.

ఇంకో చిక్కుంది. ప్రపంచంలో పామాయిల్ అత్యధికంగా దిగుమతి చేసుకునేది మనమే. మనం సుంకం తగ్గిస్తే ఆ ఖాళీలో ఇండోనేషియా, మలేషియా తమ ఎగుమతి పన్ను పెంచుకోవచ్చు. అప్పుడు మనం వదులుకున్న సొమ్ములో కొంత మన వంటింటికి రాకుండా వాళ్ల ఖజానాలో పడుతుంది.

2021 ఆగస్టులో కేంద్రం 11,040 కోట్లతో ఆయిల్ పామ్ మిషన్ తెచ్చినప్పుడు ఇందుకో మందు కూడా రాసుకుంది. ఐదేళ్ల సగటు ముడి నూనె ధరను ద్రవ్యోల్బణంతో సరిచేసి, అందులో 14.3 శాతాన్ని గెలకు గిట్టుబాటు ధర అన్నారు. మార్కెట్ ధర అంతకంటే పడితే తేడా సొమ్ము నేరుగా రైతు ఖాతాలో వేయాలి. నాకు ఇదే సరైన దారిగా కనిపిస్తుంది. సుంకం మీద వచ్చే రాబడిలో చిన్న ముక్క చాలు దీనికి, దిగుమతయ్యే నూనె అంతటి మీదా జనం చేత కట్టించనక్కర్లేదు. కావలసిందల్లా ధర పడిన నెలలో ఆ సొమ్ము ఆలస్యం లేకుండా పడటం, రైతు నమ్మేలా పడటం.

ఆ మిషన్‌ను నమ్మి తెలంగాణ కొత్త జిల్లాల్లో వరి మానేసి మొక్కలు నాటినవాళ్లున్నారు. 2021లో పెట్టిన ఆ మొక్కలు సరిగ్గా 2025లో, సుంకం 16.5కి దిగిన ఏడాదే, మొదటి గెలలు వేశాయి.