అంగారకుడి మీద నీలం ఇసుక

అంగారకుడి ఇసుక దిబ్బల ఫొటోలు మొదటిసారి చూసినప్పుడు ఎవరికైనా ఒక అనుమానం వస్తుంది. ఎర్ర గ్రహం అంటారు కదా, మరి ఈ ఇసుక నెమలి మెడలా నీలంగా ఉందేమిటి?

అలాంటి ఫొటోలు చాలావరకు హైరైజ్ కెమెరా తీసినవి. 2006 నుంచి అంగారకుడి చుట్టూ తిరుగుతున్న నాసా వారి మార్స్ రికానిసెన్స్ ఆర్బిటర్‌లో అది ఉంది. సుమారు 300 కిలోమీటర్ల ఎత్తు నుంచి బల్లంత రాయిని కూడా పట్టేస్తుంది. అయితే అది చూసే కాంతి వేరు. నీలం, ఆకుపచ్చ కలిసిన పట్టీ ఒకటి, ఎరుపు ఒకటి, కంటికి కనబడని పరారుణం ఒకటి. ఒక్కో పట్టీలో వచ్చేది నలుపు తెలుపు చిత్రమే. వాటిని తెర మీద కలిపేటప్పుడు పరారుణాన్ని ఎరుపుగా, ఎరుపును ఆకుపచ్చగా, మిగిలినదాన్ని నీలంగా చూపిస్తారు. దీన్నే ఫాల్స్ కలర్ అంటారు.

ఇప్పుడు నేల సంగతి. అంగారకుడి దుమ్ములో తుప్పు పట్టిన ఇనుము ఉంటుంది. అది నీలం కాంతిని మింగేసి, ఎరుపునూ పరారుణాన్నీ బాగా వెనక్కి పంపుతుంది. దిబ్బల్లోని ఇసుక బసాల్ట్, అంటే అగ్నిపర్వతాల లావా గడ్డకట్టిన రాయి నలిగి వచ్చింది. దానికి ఏ కాంతి మీదా పెద్ద మొగ్గు లేదు. లెక్క కోసం దుమ్ము నుంచి పరారుణం 30, ఎరుపు 25, నీలం 8 వంతులు వచ్చాయనుకుందాం. ఇసుక నుంచి 12, 11, 7. తేడాలు బాగా కనబడాలని ఒక్కో పట్టీలో అన్నిటికన్నా వెలుగున్న చోటును 100కి సాగదీస్తారు. దుమ్ము మూడింట్లోనూ 100 అయి పాలిపోతుంది. ఇసుక 40, 44, 88 అవుతుంది. నీలం ఎక్కడి నుంచి వచ్చిందో చూశారా! అక్కడికి వెళ్లి నిలబడితే కనిపించేది ముదురు బూడిద రంగు ఇసుకే.

ఈ నీలం చాలా పనికొస్తుంది. నీలంగా ఉందంటే గాలి అక్కడ దుమ్మును నిలవనివ్వడం లేదని అర్థం. కొత్తగా ఉల్క పడిన చోట పైదుమ్ము ఎగిరిపోయి నీలి మచ్చ తేలుతుంది.

నన్ను ఇబ్బంది పెట్టేది శుక్రుడి నారింజ రంగు. మాగెల్లాన్ నౌక 1990 నుంచి 1992 వరకు మేఘాల కిందున్న నేలను రాడార్‌తో చూసింది. రాడార్‌కు రంగే తెలియదు. గరుకు నేల వెలుగ్గా, నున్నటి నేల చీకటిగా వస్తుంది, అంతే. 1982లో అక్కడ దిగిన సోవియట్ నౌకలు వెనెరా 13, 14 పంపిన ఫొటోల రంగును బట్టి ఆ బొమ్మలకు నారింజ పూశారు. సహజంగా అనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, శుక్రుడు నిప్పులా మండుతున్నాడనుకుంటారు. ఆ నారింజను తీసేసి నలుపు తెలుపులో చూడండి, ఒక్క పగులూ ఒక్క బిలమూ చెరగదు. అదే అంగారకుడి దిబ్బల నుంచి నీలం తీసేస్తే, ఎక్కడ దుమ్ము ఆగిందో ఎక్కడ ఇసుక కదులుతోందో పోల్చుకోవడం కష్టమవుతుంది.