మొండి టీబీకి ఆపరేషన్: వదిలేసిన వైద్యం మళ్లీ ఎందుకొచ్చింది?

ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి ఓపీలో తరచూ వినిపించే మాట ఇది: "పాడైన భాగం కోసి తీసేస్తే పోదా సారూ?" నెలల తరబడి మాత్రలు మింగుతున్నా కళ్లె పరీక్ష పాజిటివ్‌గానే వస్తుంటే ఇంట్లోవాళ్లు అడగక ఏం చేస్తారు? అదే డాక్టరే ఆపరేషన్ మాట ఎత్తితే మాత్రం, "ఊపిరితిత్తి తీసేస్తే బతుకుతాడా?" అని వణికిపోతారు. ఆ ఆశ, ఈ భయం రెండూ ఊరికే పుట్టినవి కావు.

1882లో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని కనిపెట్టాడు. దాన్ని చంపే మందు రావడానికి మరో అరవై ఏళ్లు పట్టింది. ఈలోగా రోగికి దొరికింది విశ్రాంతి, మంచి గాలి, తిండి. మన వైపు 1912లో మొదలైన మదనపల్లె ఆరోగ్యవరం, నిజాం కాలంలో వికారాబాద్ పక్కన అనంతగిరి కొండల్లో వెలిసిన శానటోరియం ఆ ఆలోచనతో వచ్చినవే. క్రిమి తినేసి లోపల గుల్ల (ఖాళీ గూడు) పడిన ఊపిరితిత్తికి కూడా విశ్రాంతి ఇవ్వాలన్నది అప్పటి సర్జన్ల వాదన. ఇటలీ వైద్యుడు ఫోర్లానినీ సూదితో ఛాతీలోకి గాలి ఎక్కించి ఊపిరితిత్తిని ముడుచుకుపోయేలా చేశాడు. ఆ గాలి మెల్లగా ఇంకిపోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ ఎక్కించాల్సిందే. దానికీ లొంగకపోతే థొరాకోప్లాస్టీ. ఏడెనిమిది పక్కటెముకలు విడతలుగా తీసేసేవాళ్లు, చాలాసార్లు ఆ చోటుకు మాత్రమే మత్తు ఇచ్చి. ఛాతీ ఒకవైపు లోపలికి కుంగి గుల్ల మూసుకుపోయేది. బతికినవాళ్లు ఒంగిపోయిన భుజంతో జీవితాంతం తిరిగారు. మన పెద్దవాళ్లలో టీబీ ఆపరేషనంటే ఉన్న భయానికి ఆ రోజుల జ్ఞాపకం కూడా ఒక కారణమని నా నమ్మకం.

1943లో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియజిడ్ వచ్చాయి. మందుల అండ దొరికాక పాడైన ముక్కను కోసి తీయడం కాస్త సురక్షితమైంది. కానీ ఆ మందులే కొద్ది ఏళ్లలో ఆపరేషన్ అవసరాన్ని తగ్గించేశాయి. 1959లో వెలువడిన మద్రాసు అధ్యయనం ఇంట్లో ఉండి మందులు వాడినా శానటోరియంలో ఉన్నంత గుణం కనిపిస్తుందని తేల్చింది. తర్వాత రిఫాంపిసిన్ వచ్చి చికిత్సను ఆరు నెలలకు కుదించింది. 2015లో ఎర్రగడ్డ ఆసుపత్రిని అనంతగిరికి తరలించి ఇక్కడ సచివాలయం కడతామన్న ప్రతిపాదన వచ్చి ఆగిపోయింది. ఆగిపోవడమే మంచిదైంది. నేటి టీబీ రోగికి కావలసింది కొండగాలి కాదు, దగ్గర్లో ల్యాబ్, ఐసీయూ, సర్జన్.

ఎందుకంటే క్రిమి మొండికేసింది. ఐసోనియజిడ్, రిఫాంపిసిన్ రెండింటికీ లొంగని టీబీ పెరిగేసరికి, 1980ల నుంచి అమెరికాలోని డెన్వర్ వైద్యులు కత్తిని మళ్లీ చేతపట్టారు. గుల్ల గోడ మందంగా ఉంటుంది, లోపలికి రక్తం సరిగా అందదు. రక్తం వెళ్లని చోటికి మందు ఏం వెళ్తుంది? కోట్ల క్రిములు అక్కడే తిష్ఠ వేస్తాయి. ఆ స్థావరాన్ని తీసేస్తే మిగిలినవాటిని మందులు చూసుకుంటాయన్నది ఇప్పటి లెక్క.

కుడి ఊపిరితిత్తిలో మూడు లోబ్‌లు (విడివిడి భాగాలు), ఎడమదానిలో రెండు. జబ్బు ఒకచోటే ఉండి, మిగతా భాగం శ్వాసకు సరిపోతుందని పరీక్షల్లో తేలితేనే లోబ్ తీసే మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాలు మందులతో పాటు ఇలా కొంత భాగం తీయడాన్నే సూచించాయి. ఊపిరితిత్తి మొత్తం తీస్తే అలాంటి మేలు కనిపించలేదు. బెడాక్విలిన్ లాంటి కొత్త మందులతో ఈ అవసరం ఇంకా తగ్గింది కానీ పోలేదు. కళ్లెలో విపరీతంగా రక్తం పడుతుంటే తొడలోంచో చేతిలోంచో సన్నని గొట్టం పంపి ఆ రక్తనాళాన్ని మూసే ఎంబొలైజేషన్ ఉంది, దానికీ ఆగకపోతే సర్జరీ.

ఇంకో చిక్కుంది. టీబీ క్రిమికి దగ్గరి బంధువులైనా టీబీ కాని ఎన్‌టీఎం క్రిములు మైక్రోస్కోపు కింద అచ్చం అలాగే ఉంటాయి, మందులు మాత్రం వేరు. కల్చర్‌లో (క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష), జన్యు పరీక్షలో క్రిమి ఏదో తేలకుండా ఆపరేషన్ దాకా వెళ్లకూడదు.

ఆలస్యమైతే జబ్బు రెండోవైపుకు పాకి ఆ అవకాశమే ఉండదు. నాలుగైదు నెలలు సరైన మందులు వాడినా కల్చర్ పాజిటివ్‌గానే ఉంటే అప్పుడే ఛాతీ సర్జన్ అభిప్రాయం అడగాలి. "తీసేశారు కదా" అని ఆపరేషన్ తర్వాత మాత్రలు మానేస్తే మొదటికే మోసం. తీసిన ముక్కను ల్యాబ్‌కు పంపుతారు, అందులో క్రిములు ఇంకా పెరుగుతున్నాయా లేదా అన్నదాన్ని బట్టి మందులు ఎన్నాళ్లు కొనసాగాలో డాక్టర్లు నిర్ణయిస్తారు.