ప్రశ్నలు తెలుగులోకి వచ్చేస్తే సరిపోదు

కీమో మొదలయ్యాక గడ్డ ఎంత తగ్గిందో స్కాన్‌లో కనిపిస్తుంది, తెల్లకణాలు ఎంత పడిపోయాయో ల్యాబ్ రిపోర్టులో ఉంటుంది. మరి రాత్రిళ్లు నిద్ర పడుతోందా, నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోందా, వైద్యం ఖర్చుతో ఇల్లు ఎంత ఇబ్బంది పడుతోంది? ఇవి రోగిని అడిగితేనే తెలుస్తాయి. అలా అడగడానికి చాలా దేశాల్లో వాడే ప్రశ్నావళి క్యూఎల్‌క్యూ-సి30. ఈఓఆర్‌టీసీ అనే యూరప్ క్యాన్సర్ పరిశోధన సంస్థ తయారుచేసింది, 1993లో ప్రచురితమైంది. మొత్తం 30 ప్రశ్నలు, ఎక్కువ భాగం గత వారం రోజుల గురించే. ఇప్పుడు వందకు పైగా భాషల్లో ఉంది.

అనువాదానికి కట్టుదిట్టమైన పద్ధతే ఉంది. ఇద్దరు విడివిడిగా అనువదిస్తారు, రెండిటినీ కలిపి ఒకటి చేస్తారు, దాన్ని వేరేవాళ్లు మళ్లీ ఇంగ్లీషులోకి తిప్పుతారు, మూలంతో పోల్చి చూస్తారు. ఆ తర్వాత పదిపదిహేను మంది రోగుల చేత నింపించి, ఒక్కో ప్రశ్న ఎలా అర్థమైందో కూర్చుని అడుగుతారు. నా దృష్టిలో అన్నిటికంటే విలువైన మెట్టు ఇదే. పేపర్ చదవడం, టీవీ చూడడం లాంటి వాటి మీద మనసు నిలపడం కష్టంగా ఉందా అని ఒక ప్రశ్న ఉంటుంది. పెద్దావిడ ఎవరైనా "నాకు చదువు రాదమ్మా" అంటే, అడిగే అమ్మాయి "అస్సలు లేదు" దగ్గర టిక్కు పెట్టేసి ముందుకెళ్లిపోవచ్చు. కాగితం మీద ఆవిడ ఏకాగ్రతకు ఏ లోటూ లేనట్టే. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా మాట తీరు మారుతుంది కాబట్టి ఆ పదిహేను మందీ ఒకే ఊరి ఆస్పత్రివాళ్లయితే నాకు నమ్మకం కుదరదు.

ఒక్క టిక్కు తప్పితే ఏమవుతుందిలే అనుకోకండి. అలసటనే తీసుకుందాం, దానికి మూడు ప్రశ్నలు, ఒక్కోదానికి 1 (అస్సలు లేదు) నుంచి 4 (చాలా ఎక్కువ) దాకా జవాబు. ఒకరు 2, 3, 3 అన్నారనుకుంటే, సగటు తీసి సున్నా నుంచి వంద కొలతలోకి మారిస్తే సుమారు 56 వస్తుంది. తర్వాతిసారి 3, 3, 3 అంటే 67. మారింది ఒక్క జవాబు, ఒక్క మెట్టు, పెరిగింది 11 పాయింట్లు. 1998లో ఒసోబా అనే పరిశోధకుడి బృందం రోగులనే అడిగి లెక్కగట్టిన దాని ప్రకారం 10 నుంచి 20 పాయింట్ల తేడా అంటే మధ్యస్థమైన మార్పు. అంటే ఒక్క ప్రశ్న తప్పుగా అర్థమైనా, ఆ మనిషి అలసట నిజంగానే పెరిగినట్టు కనిపిస్తుందన్నమాట.

అందుకే అనువాదం అయ్యాక ఎక్కువమంది రోగులతో అసలు పరీక్ష మొదలవుతుంది. ఒకే విషయం మీది ప్రశ్నలకు జవాబులు ఒకే దారిలో పోతున్నాయా అని క్రోన్‌బాక్ ఆల్ఫా అనే గణాంక కొలతతో చూస్తారు, 1కి దగ్గరయ్యేకొద్దీ జవాబులు అంతగా కలిసినట్టు, 0.7 దాటితే మామూలుగా ఒప్పుకుంటారు. 0.95 దాటితే మాత్రం సంబరపడకూడదు, ఒకే ప్రశ్నను మూడుసార్లు అడిగినట్టు రోగికి వినిపిస్తోందేమో చూసుకోవాలి. ఏకాగ్రత, జ్ఞాపకశక్తి కలిపిన కొలతకు చాలా భాషల్లో ఈ అంకె తక్కువే వచ్చింది. అందులో ఉన్నవి రెండే ప్రశ్నలు, పైగా మతిమరుపు లేని మనిషికి కూడా దేని మీదా మనసు నిలవకపోవచ్చు, కాబట్టి ప్రతిసారీ అనువాదకుల్ని తప్పుపట్టడం అన్యాయం. ఇంకో పరీక్ష, తన పనులు తాను చేసుకోగలిగేవాళ్లకూ పగలంతా మంచం మీదే ఉండేవాళ్లకూ శారీరక సామర్థ్యం అంకెల్లో స్పష్టంగా తేడా వస్తోందా అని. రాకపోతే ఆ ప్రశ్నావళిని పక్కన పెట్టాల్సిందే.

ఈ లెక్కల్లో పడి జవాబు ఎవరి ముందు చెబుతున్నారన్నది చాలామంది పట్టించుకోరు, నాకు బాధ కలిగించేది అదే. తినడానికి, బట్టలు వేసుకోవడానికి, బాత్రూముకు వెళ్లడానికి సాయం కావాల్సి వస్తోందా అని అడిగినప్పుడు పక్కన కొడుకో కోడలో నిలబడి ఉంటే, పెద్దాయన "అబ్బే, నేనే చేసుకుంటాను" అనేస్తాడు. ఒక్కోసారి ఆయన నోరు తెరవకముందే కొడుకు జవాబు చెప్పేస్తాడు. ఎంతమంది స్వయంగా నింపారు, ఎంతమందికి చదివి వినిపించారు, అప్పుడు పక్కన ఎవరున్నారు, ఏ ప్రశ్నలు ఎక్కువగా ఖాళీగా మిగిలాయి అన్నది అధ్యయనంలో ఆల్ఫా అంకె పక్కనే రాయాలి.